వేడెక్కింది ఎవరు?

మా ల్యాబు హైదరాబాదులో ఒక భవనం గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంది. పై అంతస్తులో పెద్ద గది ఇస్తామన్నా మేం వెళ్ళం. మెట్ల మీద ఎవరైనా గబగబా దిగితే ఆ అదురు టేబుల్ మీది అద్దాలకు తెలుస్తుంది, కంప్యూటర్లో గీత వణుకుతుంది. గాలి నింపిన కాళ్ళ మీద తేలే ఉక్కు బల్ల, దాని మీద నిండా అద్దాలు, కటకాలు. అన్నిటినీ దాటుకుని వెలుగు చివరికి చేరేది రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న గాజు క్యువెట్‌లోకి. అందులో ముదురు ఎరుపు ద్రవం ఉంటుంది. అది బంగారం. 20 నానోమీటర్ల వ్యాసం ఉన్న కణాలు నీళ్ళలో తేలుతుంటాయి. ఒక్కో కణంలో దాదాపు 2.5 లక్షల పరమాణువులు.

ఆ కణాలకు లేజర్ వెలుగు ఇచ్చి, తీసుకున్న శక్తిని అవి ఎలా వదిలించుకుంటాయో చూడటం నా ఉద్యోగం. "నానోకణాలు వెలుగును వేడిగా మారుస్తాయి" అని పత్రికల్లో ఒక్క వాక్యంలో రాసేస్తారు. తప్పేం కాదు. కాకపోతే వెలుగుకూ వేడికీ మధ్య ఆ శక్తి మూడు నాలుగు చేతులు మారుతుంది. ఏ క్షణంలో ఎవరి చేతిలో ఉందన్నదే మా లెక్క. మేం సంపాదించే తిండి గింజలన్నీ ఒక నానోసెకండ్ లోపలే ఉన్నాయి.

ముందు బంగారం సంగతి. దీన్ని కొనుక్కోవచ్చు గానీ చేసుకోవడమే నాకు ఇష్టం. గోల్డ్ క్లోరైడ్‌ను నీళ్ళలో పలచగా కలిపి మరగబెట్టి, అందులో ట్రైసోడియం సిట్రేట్ పోస్తాం. 1951లో టర్కెవిచ్ బృందం వివరంగా రాసిన పద్ధతి ఇది. లేత పసుపు పోయి ద్రవం రంగులేనిదవుతుంది, కాసేపటికి నల్లగా నీలంగా అయి భయపెడుతుంది, ఆ తరవాత ఊదా మీదుగా ఎరుపుకు వస్తుంది. మొత్తం పది పదిహేను నిమిషాల పని. అసలు కష్టం గాజు సామాను కడగడంలో ఉంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం మూడు పాళ్ళు, నైట్రిక్ ఒక పాలు కలిపిన ఆక్వా రీజియాతో కడిగి, శుద్ధమైన నీళ్ళతో మళ్ళీ మళ్ళీ తొలవాలి. కడగని ఫ్లాస్కులో కాస్త ఉప్పు మిగిలినా కణాలు ఒకదానికొకటి అంటుకుని ద్రవం నీలమైపోతుంది. కొత్తగా చేరిన పిల్లలకు నేను ముందు నేర్పేది లేజర్ కాదు, కడగడం. బాగా చేసిన ద్రవం ఏళ్ళ తరబడి చెడదు. మైకేల్ ఫారడే 1850లలో చేసిన ఎర్రటి బంగారు ద్రవం లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఉంది. ఆ రంగుకు కారణం కంటికి కనిపించనంత చిన్న బంగారు రేణువులేనని ఆయన 1857లోనే చెప్పాడు. లెక్కతో నిరూపించింది గుస్టావ్ మీ, 1908లో.

ఎరుపు ఎందుకంటే, కణంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లన్నీ వెలుగు తరంగంతో పాటు ఒక్కుమ్మడిగా అటూ ఇటూ ఊగుతాయి. దాన్నే ప్లాస్మాన్ అంటాం. ఈ సైజు బంగారంలో ఆ ఊపు 520 నానోమీటర్ల పచ్చని వెలుగుకు బాగా కుదురుతుంది. పచ్చదనాన్ని కణాలు మింగేస్తే మన కంటికి మిగిలేది ఎరుపు. వెండిలో అది 400 నానోమీటర్ల దగ్గర జరుగుతుంది కాబట్టి వెండి ద్రవం పసుపుగా ఉంటుంది. నగల దుకాణంలో చూసే రంగులను ఇక్కడ మరిచిపోవాలి.

నగలంటే గుర్తొచ్చింది. లేజర్ గదిలోకి వెళ్ళే ముందు గాజులు, ఉంగరం, గడియారం అన్నీ తీసి డ్రాయర్‌లో పెట్టాలి. బంగారం మీద పనిచేయడానికి ఒంటి మీద బంగారం తీసేయాలన్నమాట. గాజు మీద పడిన వెలుగు ఎటు తిరిగి ఎవరి కంట్లోకి పోతుందో చెప్పలేం. మా లేజర్ 800 నానోమీటర్లది, కంటికి దాదాపు కనిపించదు. కనిపించని వెలుగు దగ్గర ధైర్యం ఎక్కువవుతుంది, అందుకే నాకు దానంటే భయం. కింద పడిన స్క్రూ తీయాలన్నా గాగుల్స్ పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని వంగాలి. ఈ ఒక్క విషయంలో నేను పిల్లల్ని గట్టిగా కసురుతాను.

ఇక కొలత సంగతి. పికోసెకండ్ అంటే సెకండులో లక్ష కోట్లవ వంతు, ఫెమ్టోసెకండ్ అందులో వెయ్యో వంతు. అంత వేగంగా నడిచే మామూలు డిటెక్టర్ ఏదీ లేదు. అందుకని కాలాన్ని దూరంతో కొలుస్తాం. లేజర్ పల్స్‌ను రెండుగా చీల్చి, ఒక పాయను స్ఫటికంలోంచి పంపి 400 నానోమీటర్లకు మారుస్తాం. ఇది పంప్, కణాన్ని కొట్టేది. రెండో పాయను నీలమణి పలక మీద గురిపెడితే అన్ని రంగులూ ఉన్న తెల్లని వెలుగు పుడుతుంది. ఇది ప్రోబ్, వెనకాలే వచ్చి కణం ఎలా ఉందో చూసేది. ఒక పాయ దారిలో జరిగే స్టేజ్ మీద అద్దాలుంటాయి. ఆ స్టేజ్‌ను 15 సెంటీమీటర్లు జరిపితే వెలుగు పోయి రావాల్సిన దారి 30 సెంటీమీటర్లు పెరుగుతుంది. అంటే ఒక నానోసెకండ్ ఆలస్యం. ఒక మైక్రాన్ జరిపితే దాదాపు 7 ఫెమ్టోసెకండ్లు. రసాయన చర్యలను ఫెమ్టోసెకండ్ల లెక్కన చూసినందుకు అహ్మద్ జెవైల్‌కు 1999లో నోబెల్ వచ్చింది. మా టేబుల్ మీద ఉన్నదీ ఆ వంశమే.

అన్నిటికంటే విసిగించేది టైమ్ జీరో, అంటే పంపూ ప్రోబూ ఒకేసారి క్యువెట్‌ను చేరే స్థానం. చెరో రెండు మీటర్ల దారి నడిచి వచ్చే రెండు పల్స్‌లు వెంట్రుక మందం తేడా కూడా లేకుండా కలవాలి. ముందు టేపు పెట్టి కొలుస్తాం, నిజంగా టైలర్లు వాడే టేపే. అక్కడి నుంచి ఓపికే. బంగారాన్ని తీసేసి మంచినీళ్ళ క్యువెట్ పెట్టి స్టేజ్‌ను మెల్లగా జరుపుతూ పోతే, రెండూ కలిసిన చోట తెర మీద చిన్న కుదుపు లాంటిది కనిపిస్తుంది. కనిపించిందని సంబరపడితే ఇంకో చిక్కు. తెల్లని వెలుగులో ఎరుపు ముందొస్తుంది, నీలం వెనకొస్తుంది. గాజులోంచి పోయేటప్పుడు నీలం కాస్త వెనకబడుతుంది కాబట్టి. అంటే ఒక్కో రంగుకు ఒక్కో టైమ్ జీరో. ఆ తేడాను లెక్కగట్టి సరిచేయకపోతే జరగని సంగతులు కూడా జరిగినట్టు కనిపిస్తాయి. ఏసీ ఆగితే, గది వేడి రెండు డిగ్రీలు మారితే, ఇదంతా మళ్ళీ మొదటికి. ఏప్రిల్, మే నెలల్లో కరెంటు పోయినప్పుడు ఈ వృత్తి ఎందుకు ఎంచుకున్నానా అని అందరం ఒకసారి అనుకుంటాం.

మా లేజర్ సెకండుకు వెయ్యి పల్స్‌లు ఇస్తుంది. పంప్ దారిలో తిరిగే చాపర్ అనే చక్రం ఒకదాన్ని వదిలి ఒకదాన్ని ఆపుతుంది. పంప్ తగిలినప్పటి వెలుగులోంచి తగలనప్పటి వెలుగు తీసేస్తే మిగిలేది మా సిగ్నల్, మామూలుగా ఒక శాతం లోపే. ఇక్కడ ఒక లెక్క వేసి చూపిస్తే పిల్లల కళ్ళు పెద్దవవుతాయి. ఒక పికోసెకండ్‌ను ఒక సెకండుగా సాగదీస్తే, కణంలో జరిగే కథ కొన్ని నిమిషాల్లో ముగిసిపోతుంది. దాని మీద మళ్ళీ దెబ్బ పడేది 60 ఏళ్ళ తరవాత.

ఆ కొన్ని నిమిషాల్లో ఏం జరుగుతుందంటే, ఎలక్ట్రాన్ల ఉమ్మడి ఊపు దాదాపు 10 ఫెమ్టోసెకండ్లలో చెదిరిపోతుంది. మా పల్స్ పొడవే 100 ఫెమ్టోసెకండ్లు కాబట్టి దాన్ని మేం చూడలేం. పైగా 400 నానోమీటర్లతో కొట్టినప్పుడు ఊపు కంటే ఎక్కువగా జరిగేది లోపలి పొరలో ఉన్న ఎలక్ట్రాన్లు పైకి ఎగరడం. ఎలా మొదలైనా కాసేపటికి తేడా ఉండదు. శక్తి అందిన కొద్ది ఎలక్ట్రాన్లు మిగతావాటితో గుద్దుకుని, కొన్ని వందల ఫెమ్టోసెకండ్లలో అన్నీ ఒకే ఉష్ణోగ్రతకు వస్తాయి. పరమాణువులు మాత్రం అప్పటికి ఇంకా చల్లగానే ఉంటాయి. ఒకే కణంలో రెండు ఉష్ణోగ్రతలు! దీనికి లెక్క కట్టే రెండు ఉష్ణోగ్రతల నమూనాను 1974లో అనిసిమోవ్, కపెలియోవిచ్, పెరెల్మాన్ ఇచ్చారు. మేం ఇప్పటికీ దాన్నే వాడుతున్నాం.

అంకెలు చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. 20 నానోమీటర్ల కణం 400 నానోమీటర్ల ఫోటాన్లను వెయ్యి మింగిందనుకుందాం. మా ల్యాబులో ఇది చాలా మామూలు దెబ్బ. ఆ శక్తి ఎలక్ట్రాన్ల దగ్గరే ఉన్నంతసేపు వాటి ఉష్ణోగ్రత 1,900 కెల్విన్ల దాకా పోతుంది. బంగారం కరిగేది 1,337 కెల్విన్ల దగ్గర. మరి కణం కరగదా? కరగదు. అదే శక్తి పరమాణువులకు చేరి సర్దుకున్నాక కణం వేడెక్కేది 50 డిగ్రీల లోపే. ఎలక్ట్రాన్లకు వేడిని పట్టి ఉంచే శక్తి చాలా తక్కువ, అందుకే కొంచెం ఇచ్చినా అంత ఎత్తుకు పోతాయి. కణం నిజంగా కరగాలంటే, పెద్ద బంగారు ముద్దల లెక్కే తీసుకున్నా, 30 వేల ఫోటాన్లు కావాలి.

ఎలక్ట్రాన్ల నుంచి పరమాణువులకు శక్తి మారడానికి ఎంత సేపు పడుతుంది? పుస్తకంలో ఒక అంకె ఉంటుందని నమ్మి వచ్చిన విద్యార్థి ఇక్కడే తికమకపడతాడు. ఒకసారి మా అబ్బాయి ఒకడు గ్రాఫులు పట్టుకుని వచ్చాడు.

"మేడమ్, నిన్న 1 పికోసెకండ్ వచ్చింది, ఇవాళ 3 వచ్చింది. శాంపిల్ అదే."

"పవర్ ఎంత పెట్టావు?"

"సిగ్నల్ బాగుంటుందని పెంచాను మేడమ్."

"మరి అంతే కదా."

ఎలక్ట్రాన్లు వేడెక్కే కొద్దీ వాటి వేడి పట్టే శక్తి కూడా పెరుగుతుంది. గట్టిగా కొడితే వదిలించుకోవాల్సింది ఎక్కువ, కాబట్టి ఎక్కువ సేపు పడుతుంది. అందుకే పవర్‌ను మెట్లు మెట్లుగా తగ్గిస్తూ కొలిచి, పవర్ సున్నా అయితే ఎంత వచ్చేదో గీత పొడిగించి చూస్తాం. బంగారానికి అది 0.7 పికోసెకండ్ల దగ్గర ఆగుతుంది. 20 నానోమీటర్ల కణమైనా 50 నానోమీటర్లదైనా పెద్దగా తేడా లేదు. బాగా కనిపించే సిగ్నల్ కోసం పవర్ పెంచేసి, ఒకే అంకె వేసి, ఏ పవర్ దగ్గరో రాయకుండా వదిలేసిన వ్యాసాలు సమీక్షకు వస్తూనే ఉంటాయి. వాటిని వెనక్కి పంపడంలో నాకు మొహమాటం లేదు.

నాకు ఇష్టమైన ఘట్టం దీని తరవాతిది. పరమాణువులకు వేడి హఠాత్తుగా అందుతుంది కదా, కణం మెల్లగా ఉబ్బడానికి వ్యవధి ఉండదు. ఒక్కసారిగా ఉబ్బి, హద్దు దాటి, మళ్ళీ ముడుచుకుని, మళ్ళీ ఉబ్బుతుంది. ఊపిరి తీసి వదిలినట్టుంటుందని దీన్ని బ్రీతింగ్ మోడ్ అంటాం. సైజు మారితే ప్లాస్మాన్ రంగు కాస్త జరుగుతుంది. అందువల్ల పడిపోతున్న గీత మీద సన్నటి అలలు కనిపిస్తాయి. 50 నానోమీటర్ల బంగారు కణానికి ఒక ఊపిరి 16 పికోసెకండ్లు, 20 నానోమీటర్లదానికి 7 లోపు. లోహంలో శబ్దం పోయే వేగం, కణం వ్యాసం తెలిస్తే కాగితం మీద లెక్క వేసేయొచ్చు. అది సరిగ్గా కుదిరినప్పుడు కలిగే తృప్తి వేరు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు టైమ్ దొరకని వారాల్లో నేను ఈ అలల్ని బట్టే కణాల సగటు సైజు చెప్పేస్తుంటాను. అలలు నాలుగైదు సార్లు ఊగకుండానే చచ్చిపోతే తప్పు లేజర్‌ది కాదు, ద్రవం చేసినవాళ్ళది. కణాలు తలా ఒక సైజులో ఉంటే తలా ఒక లయలో ఊగి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. మొదటిసారి వీటిని చూసిన విద్యార్థులు నాయిస్ అనుకుని సాఫ్ట్‌వేర్‌తో నునుపు చేయబోతారు. చేయి పట్టుకుని ఆపాల్సి వస్తుంది.

చివరి మార్పిడి కణం నుంచి నీళ్ళకు. ఇది సైజును బాగా పట్టించుకుంటుంది. చిన్న కణాలు పది ఇరవై పికోసెకండ్లలో చల్లారితే, 50 నానోమీటర్లవాటికి కొన్ని వందల పికోసెకండ్లు కావాలి. కణం మీద ఏ పూత ఉందన్నది కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. లోహానికీ నీటికీ మధ్య ఉన్న ఆ సన్నటి హద్దును దాటడానికి వేడి ఇబ్బంది పడుతుంది. మరీ గట్టిగా కొడితే చుట్టూ ఉన్న నీళ్ళు ఆవిరై కణం చుట్టూ బుడగ కడతాయి. అప్పుడు లెక్కలన్నీ మారిపోతాయి.

కడ్డీల ఆకారంలో ఉన్న కణాలతో ఇంకో తమాషా ఉంది. కడ్డీ పొడవును బట్టి దాని ప్లాస్మాన్‌ను 800 నానోమీటర్ల దాకా జరపొచ్చు. మా లేజర్ సరిగ్గా అక్కడే ఉంది, కాబట్టి కడ్డీలు దాన్ని ఆబగా మింగుతాయి. పవర్ ఎక్కువైతే కడ్డీ పొట్టిబడి గుండ్రటి గోలీ అయిపోతుంది. గోలీకి 800 దగ్గర ఆకలి లేదు, ఆ తరవాతి పల్స్‌లు దాన్ని దాటుకుని పోతాయి. ఫెమ్టోసెకండ్ పల్స్‌లతో ఇలా జరుగుతుందని జార్జియా టెక్‌లో ముస్తఫా ఎల్-సయ్యద్ బృందం పాతికేళ్ళ కిందటే చూపించింది. జెవైల్, ఎల్-సయ్యద్ ఇద్దరూ ఈజిప్టులో పుట్టినవాళ్ళే. నైలు డెల్టా వాళ్ళకీ క్షణం లోపలి క్షణాలకీ ఏం సంబంధమోనని మేం టీ తాగుతూ మాట్లాడుకుంటాం. అసలు సంగతేమిటంటే, కడ్డీల ద్రవం పెట్టి గంట సేపు కొలిస్తే చివరికి కొలుస్తున్నది కడ్డీలను కాకపోవచ్చు. అందుకే ద్రవాన్ని తిప్పుతూ ఉంటాం, ముందూ వెనకా స్పెక్ట్రమ్ తీసి పోల్చుకుంటాం.

ఎవరి చేతిలో శక్తి ఉందన్న ప్రశ్న మా ల్యాబు గోల మాత్రమే కాదు. బంగారు, రాగి కణాల మీద వెలుగు వేస్తే కొన్ని రసాయన చర్యలు వేగంగా జరుగుతాయి. దానికి కారణం వేడెక్కిన ఎలక్ట్రాన్లా, లేక మామూలు వేడేనా? 2018లో రైస్ యూనివర్సిటీ వాళ్ళు ఎలక్ట్రాన్ల వాటాను విడిగా లెక్కగట్టామని 'సైన్స్' పత్రికలో రాశారు. మరుసటి ఏడాది అదే పత్రికలో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు, ఉష్ణోగ్రత కొలిచిన తీరు సరిగా లేదు, అదంతా మామూలు వేడేనని అభ్యంతరం చెప్పారు. రెండు పక్షాలూ నిపుణులే. నా మొగ్గు ఇప్పటికి వేడి వైపే. ఒక పికోసెకండ్‌లో చల్లారిపోయే ఎలక్ట్రాన్ పక్కనున్న అణువుకు అంత సాయం చేయాలంటే చాలా తొందరపడాలి.

వైద్యంలో లెక్క ఇంకోలా ఉంటుంది. బంగారు పూత ఉన్న కణాలను కణితిలోకి చేర్చి, చర్మం దాటి వెళ్ళే పరారుణ వెలుగుతో కాల్చడం రైస్‌లోనే నవోమీ హాలస్, జెన్నిఫర్ వెస్ట్ మొదలుపెట్టిన దారి. 2003లో ఎలుకల మీద, 2019 నాటికి ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల మీద ఫలితాలు వచ్చాయి. అప్పటి నుంచి ఈ పని చేస్తామనే ఫోన్లు మాకు పెరిగాయి. ఈమధ్య వచ్చిన ఒక జీవరసాయన శాస్త్రం ప్రొఫెసర్ గారు పెద్దాయన, నన్ను అమ్మా అని పిలుస్తారు.

"మీ ఫెమ్టోసెకండ్ లేజర్ మీద రెండ్రోజులు టైమ్ ఇప్పించమ్మా. కణం ఎంత వేడెక్కుతోందో తేల్చుకోవాలి."

"మీరు వాడేది ఏ లేజర్ సార్?"

"డయోడ్. ఆగకుండా వెలిగేదే."

నేను కాగితం తీశాను. 5 మిల్లీవాట్ల పచ్చ లేజర్ పాయింటర్‌ను చదరపు మిల్లీమీటరు మేర వేస్తే, 20 నానోమీటర్ల కణం సెకండుకు 40 లక్షలకు పైగా ఫోటాన్లను మింగుతుంది. వినడానికి పెద్ద అంకే. కానీ ఒక ఫోటాన్‌కూ తరవాతి ఫోటాన్‌కూ మధ్య 200 నానోసెకండ్ల ఖాళీ ఉంటుంది. మొదటి దాని వేడి ఆలోపు ఎప్పుడో నీళ్ళలో కలిసిపోయింది. అందువల్ల కణం తన పక్క నీళ్ళకంటే సగటున డిగ్రీలో పదివేలవ వంతు కూడా ఎక్కువ వేడిగా ఉండదు. ఆయన డయోడ్ దీనికి వందల రెట్లు ఉన్నా అది డిగ్రీలో చిన్న వంతే. ట్యూబు వేడెక్కడం నిజమే. కోట్ల కోట్ల కణాలు కలిసి మొత్తం ద్రవాన్ని కాచడం వల్ల వచ్చిన వేడి అది. అక్కడ కణం వేడి, ద్రవం వేడి అని రెండు లేవు.

"మా యంత్రంతో మీకు పనిలేదు సార్. థర్మోకపుల్ చాలు."

ఆయన నవ్వారు. "థర్మోకపుల్ అని రాస్తే ప్రాజెక్టుకు డబ్బులిస్తారా అమ్మా?"

ఆ సంగతి నేను చెప్పలేను గానీ ఉష్ణోగ్రత కొలిచే ఆ థర్మోకపుల్ తీగను ఎలా పెట్టాలో చెప్పి పంపాను. కొనను లేజర్ దారికి పక్కగా ఉంచాలి, ద్రవాన్ని కలుపుతూ ఉండాలి, బంగారం లేని ఉత్త నీళ్ళతో ఒకసారి, సిట్రేట్ కలిపిన నీళ్ళతో ఒకసారి అదే పవర్ దగ్గర కొలిచి పక్కన పెట్టుకోవాలి. కొన మీద వెలుగు పడితే అది చూపించేది ద్రవం వేడి కాదు, తన సొంత వేడి.